అద్దె కట్టని పువ్వులు

మా ఓనరు గారు పోయారు. కిందటి నెల ఒక పొద్దున కొట్టు తాళాలు చేత పట్టుకుని, చెప్పులు వేసుకోబోతూ వాకిట్లో మెట్టు మీద కూర్చున్నారు. ఒక చెప్పు వేసుకున్నారు. రెండోది అలాగే ఉండిపోయింది. నేను మేడమీద బడికి వెళ్ళే హడావుడిలో ఉన్నాను. కిందినుంచి పిన్నిగారు "అమ్మాయ్" అని ఒకే ఒక్క కేక వేశారు. ఆవిడ నన్ను రోజూ సవాలక్ష పనులకి పిలుస్తారు గాని, ఇది ఆ పిలుపు కాదని మెట్లు దిగుతుండగానే తెలిసిపోయింది. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయిందన్నాడు. ఆ గుండె సంగతి డాక్టరు కంటే పైన అద్దెకున్న నాకే కాస్త ఎక్కువ తెలుసు కనక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

గుంటూరు పట్నంబజారులో ఆయనకి పురుగుమందుల కొట్టు ఉండేది. పత్తికి దోమ పట్టినా, మిరపకి ముడత వచ్చినా, అటు మార్టూరు నుంచి కూడా రైతులు బస్సెక్కి ఆయన దగ్గరికే వచ్చేవారు. మేం బ్రాడీపేటలో ఆయన మేడమీదికి అద్దెకి దిగి చాలా ఏళ్ళయింది. నేను మిషను బళ్ళో టీచర్ని. అందుకని ఆయనకి నేను టీచర్ గారిని, నాకు ఆయన ఓనరు గారు. ఆయన భార్యని పిన్నిగారూ అని పిలుస్తాను. ఆవిడ నన్ను అమ్మాయ్ అంటారు, కోపం వస్తే ఏమ్మా పంతులమ్మా అంటారు.

ఊళ్ళో అందరికీ ఆయన మందుల కొట్టాయనే. మా వీధికి మాత్రం ఆయన సముద్రం పెంచినాయన. తమాషాకి అనడం లేదు. ముందుగదిలో తూర్పు కిటికీ పక్కన, గాజు తొట్టిలో ఉప్పునీళ్ళు పోసి, ఆయన నిజంగానే ఒక చిన్న సముద్రాన్ని పెంచారు.

దాని పుట్టుక ఇలా జరిగింది. సరుకు బాగా అమ్మిన డీలర్లని మందుల కంపెనీ వాళ్ళు టూరు తిప్పేవారు. ఒక ఏడు రామేశ్వరం తీసుకెళ్ళారు. మిగతా డీలర్లు సముద్రస్నానాలు చేసి, శంఖాలూ గవ్వల దండలూ కొనుక్కుని బుద్ధిగా తిరిగొచ్చారు. ఈయన మాత్రం దగ్గర్లోనే మండపం అనే ఊళ్ళో ఒక జాలరి పడవెక్కి, నీళ్ళలోకి తొంగిచూసి, మనసు అక్కడే పారేసుకున్నారు. తిరుగు రైల్లో ఆయన ఒళ్ళో ఒక పాలక్యాను, దాన్లో ఉప్పునీళ్ళు, నీళ్ళలో ఒక రాయి, రాయి మీద పుట్టగొడుగులా ఉన్న బతికున్న పగడం. దానికి ఊపిరాడాలని దారి పొడుగునా సైకిలు పంపుతో గాలి కొడుతూనే వచ్చారట.

"పక్క బెర్తాయన నాకు పిచ్చనుకుని సీటు మార్చుకున్నాడండీ టీచర్ గారూ. మంచిదేగా, క్యాను పెట్టుకోడానికి చోటు దొరికింది," అనేవారు.

ఇంటి దగ్గర పిన్నిగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఆవిడ పుట్టిల్లు రేపల్లె అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక పల్లె. ఉప్పెనలో ఆ ఊళ్ళో ఇళ్ళు పోయాయి, గొడ్లు పోయాయి, ఆవిడ తమ్ముడు పోయాడు. అప్పట్నుంచి ఆవిడ సముద్రం మొహం చూడలేదు. ఎవరైనా సూర్యలంక వెళ్ళొచ్చామని చెప్పినా లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. అలాంటావిడ ఇంటికి ఈ మహానుభావుడు సముద్రాన్ని క్యానులో పోసుకుని మోసుకొచ్చారు.

"ఆ నీళ్ళు నా గడప దాటడానికి వీల్లేదు," అన్నారావిడ.

"మన పాత చేపల తొట్టి ఖాళీగా ఉందిగా, అందులో పోస్తానే. ఒక మూలన పడి ఉంటుంది. నీ జోలికి రాదు."

"మా తమ్ముడు దాని జోలికి పోయాడా?"

ఓనరు గారు క్యాను పక్కన పెట్టుకుని, అదే మెట్టు మీద కూర్చుని, పంపుతో గాలి కొట్టుకుంటూ ఉండిపోయారు. నేను మేడమీద పిట్టగోడ దగ్గర నిలబడి, ఎటు చూడాలో తెలియక తీగ మీద ఎండని బట్టల్ని తీసి మళ్ళీ ఆరేశాను. చాలాసేపటికి పిన్నిగారే పక్కకి జరిగారు.

"సరే, తగలెయ్యండి లోపల. కాని చెప్తున్నా వినండి. ఆ పుట్టగొడుగు చచ్చిందా, ఆ రోజే తొట్టెత్తుకెళ్ళి బజార్లో కుమ్మరిస్తా. మళ్ళీ జన్మలో సముద్రం ఊసెత్తకూడదు."

ఆయన ఒప్పుకున్నారు. అలా ఆ ఇంట్లో సముద్రం ఉండటమూ ఊడటమూ ఆ గుప్పెడంత పగడం మీద ఆధారపడింది.

అప్పట్నుంచి ఆయన పడ్డ పాట్లు చూసి తీరవలసిందే. నెలకోసారి ఆదివారం పొద్దున్నే వ్యానులో ఖాళీ క్యాన్లు వేసుకుని సూర్యలంక వెళ్ళేవారు. చర్చి లేని ఆదివారం ఉండదు కనక నేను ఎప్పుడూ వెళ్ళలేదు గాని, వెళ్ళినవాళ్ళు చెప్పేవారు. వానలకి ఒడ్డున నీళ్ళు చప్పబడతాయని, ముందు వేలు ముంచి నాలుకకి రాసుకుని, పులుసు రుచి చూసినట్టు చూసి, "ఉప్పు సరిపోయింది, నింపండి" అనేవారట. అక్కడి జాలర్ల దగ్గరే నాలుగు చిన్న చేపల్ని కూడా తెచ్చి తొట్టిలో వదిలారు. కొట్టునుంచి వచ్చాక నేరుగా తొట్టి దగ్గరికి పోయేవారు కాదు. స్నానం చేసి, పంచె మార్చి, చేతులు చింతపండుతో తోముకుని అప్పుడు పోయేవారు. రోజంతా మందు డబ్బాలు ముట్టిన చేయి ఒక్కసారి నీళ్ళలో పడితే అంతా అయిపోతుందని ఆయన భయం. ఎండాకాలం తొట్టి చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి టేబులు ఫాను తొట్టి మీదికి తిప్పేవారు. ఆ ఫాను అంతకుముందు పిన్నిగారిది.

కరెంటు పోతే గాలిబుడగలు ఆగిపోతాయి. దానికీ ఆయనే ఉపాయం కనిపెట్టారు. కొట్లోంచి కొత్త స్ప్రేయరు ఒకటి తెచ్చి, మందు వాసన తగలనీయకుండా ఉంచి, దాన్నిండా గాలి కొట్టి, గొట్టం కొస తొట్టిలో పడేసేవారు. పొలాల్లో మందు చిమ్మే ఆ పంపు మా ఇంట్లో చేపలకి ఊపిరి పోసేది. కరెంటు పోగానే ఆయన కిందినుంచి "టీచర్ గారూ, ఒక చెయ్యి వేస్తారా" అనేవారు. బళ్ళో పిల్లల చేత ఎక్కాలు వల్లెవేయించి వచ్చి, నేను వాటినే వల్లెవేస్తూ పంపు కొట్టేదాన్ని.

ఇంతలో పువ్వులొచ్చాయి.

రాతి సందులో ఒక రోజు మిరప గింజంత గోధుమరంగు చుక్క కనిపించింది. కొన్నాళ్ళకి దానికి కాడ వచ్చింది, కాడ చివర చుట్టూ సన్నటి చేతులు విప్పుకున్నాయి. ఓనరు గారు వీధిలో అందరినీ పిలిచి చూపించారు. "రాయితోపాటు ఉచితంగా వచ్చిందండీ," అని మురిసిపోయారు. ఆయనకి తెలిసిన ఒక జువాలజీ లెక్చరరు వచ్చి చూసి, ఇది ఎనిమోను అనే సముద్రజీవి అని, చేతులతో కుట్టి పక్కవాటిని చంపుతుందని, ఒకటి పదవుతుందని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఎలా వదిలించుకోవాలో ఆయనకీ తెలియదు.

ఓనరు గారు చాకు తీసుకుని గీకేశారు. గుంటూరు వైపు మనిషికి వచ్చే మొదటి ఆలోచన అదేగా, కలుపు కనిపిస్తే పీకెయ్యడం. కాని ఇది తుంగలాంటి కలుపు. తెగిన ప్రతి ముక్కా ఒక పువ్వయి లేచింది. గీకినకొద్దీ పెరిగాయి. రాయంతా అవే. వేలు దగ్గరికి పోనిస్తే సర్రున కన్నంలోకి ముడుచుకుపోయేవి, వేలు తియ్యగానే మళ్ళీ తలెత్తి చూసేవి.

"వీళ్ళు మీలాంటి వాళ్ళు కాదండీ టీచర్ గారూ," అన్నారు ఒక రోజు నాతో. "అద్దె కట్టరు, ఖాళీ చెయ్యరు, పైగా చుట్టాల్ని పిలిపిస్తారు."

"మా చుట్టాలొస్తే మీరు నీళ్ళ గురించి నసుగుతారుగా, వాళ్ళనీ అలాగే నసగండి," అన్నాను.

నవ్వారు గాని, ఆ నవ్వు తొట్టి వైపు తిరిగేసరికి ఆగిపోయింది. పువ్వులు పగడం మొదలు దాకా పాకాయి. వాటి చేతులు తగిలిన వైపు పగడం ముడుచుకుపోయి, విచ్చుకోవడం మానేసింది. పిన్నిగారు రోజూ గుమ్మంలో నిలబడి, తమలపాకు ఈనె తీస్తూ, "చచ్చిందా?" అని అడిగేవారు. "లేదే," అనేవారాయన. నేను చర్చిలో ఆ పగడం కోసం ప్రార్థన చేశానంటే నవ్వకండి. ఎవరి పేరు చెప్పుకోవాలో తెలియక, ఓనరు గారి ఇంట్లో ఒక ప్రాణి అని మాత్రం చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే మార్టూరు వైపు రైతు ఒకాయన కొట్టు మూసి ఉందని ఇంటికొచ్చాడు. తొట్టి చూశాడు. సంగతంతా విని తెల్లబోయాడు.

"ఏందయ్యా, ఇన్ని మందులు అమ్మేవోడివి, ఒక్క మూత పోస్తే పోయేదానికి కూకుని ఏడుస్తున్నావా?"

"మూత పోస్తే పువ్వులు పోతాయి. చేపలు పోతాయి. పగడం పోతుంది. ఆనక మా ఆవిడ చేతిలో నేను పోతాను," అన్నారు ఓనరు గారు. తర్వాత ఏమనుకున్నారో, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. "నువ్వు పత్తికి ఎన్నిసార్లు కొట్టావు?"

"లెక్కెవరు పెట్టారు? కొట్టినకొద్దీ తెల్లదోమ ఎక్కువవుతుంటే?"

ఓనరు గారు తొట్టి వంక చూశారు, ఆయన వంక చూశారు. ఆ రైతుకి ఆ పూట మందు అమ్మలేదు. "పొలానికి పోయి ఆకు తిప్పి చూడు. ముందు చూడు, తరవాత కొట్టు," అని పంపించారు. ఆ మాట తరవాత్తరవాత ఆయనకి ఊతపదమైపోయింది. అది విని పక్క కొట్టువాళ్ళు ఈయనకి వ్యాపారం చేతకాదని తేల్చేశారు.

పువ్వుల సంగతి తేలింది మాత్రం పిన్నిగారి సున్నం డబ్బా వల్ల. ఒక మధ్యాహ్నం ఓనరు గారు పగడానికి ఆనుకుని ఉన్న పువ్వుని గోటితో లాగబోతే అది చేతికి కుట్టింది. కాస్త దద్దురు. ఆయన మాత్రం తేలు కుట్టినంత గోల చేశారు. కందిరీగ కుట్టినా, తేనెటీగ కుట్టినా మనిళ్ళలో చేసే వైద్యం ఒకటేగా. పిన్నిగారు తమలపాకుల పళ్ళెంలోంచి డబ్బా తీసి, తడి సున్నం ఆయన వేలికీ మణికట్టుకీ మెత్తేశారు. ఆయనకి ఆ కోపం తీరలేదు. అదే చేత్తో, అదే వేలితో వెళ్ళి ఆ పువ్వు నెత్తిమీద నొక్కారు.

"అయ్యో, సున్నం!" అని అరిచాను నేను. అప్పటికే వేలి చుట్టూ నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని తల పట్టుకుని కూలబడ్డారు. చేతులారా విషం పెట్టాననుకున్నారు. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున చూస్తే చేపలు చక్కగా తిరుగుతున్నాయి. పగడం ఎప్పటిలాగే ముడుచుకుని ఉంది గాని బతికే ఉంది. ఆ ఒక్క పువ్వు మాత్రం కరిగి చీమిడిలా వేలాడుతోంది.

"ఏమేవ్, నిన్న నాకేం పూశావే?"

"సున్నం. ఏం, మండుతోందా?"

"ఇంకాస్త ఇయ్యి."

కాంపౌండరు దగ్గర సూది లేని సిరంజి ఒకటి సంపాదించారు. దాని మూతికి సన్న గొట్టం తగిలించారు. సున్నం చిక్కగా కలిపి, పువ్వు పూర్తిగా విచ్చుకున్న వేళ చూసి, నెమ్మదిగా దాని నోటి దగ్గర ఒక్క బొట్టు వదిలేవారు. తిండి అనుకుని అది నోరు తెరిచి మింగేది. "తిను నాయనా, తిను," అనేవారు బుజ్జగిస్తూ. రోజుకి కాసిని మాత్రమే. మిగతావి రేపు. పిన్నిగారు సున్నం కలిపి ఇచ్చేవారు, నేను చెయ్యి కదలకుండా టార్చిలైటు పట్టేదాన్ని. "పంక్తిలో ఆ చివర ఒకాయన కూర్చున్నాడు, ఆయనకి వడ్డించలేదు," అని పిన్నిగారు వేలు చూపించేవారు. అంతవరకూ గుమ్మం దాటి తొట్టి దగ్గరికి రాని మనిషి గాజుకి ముక్కు ఆనించి చూడటం నేను గమనించాను. పైకి అంటే మానేస్తారని ఊరుకున్నాను.

ఒక రోజు ఆయన కొట్లో ఉండగా ఆవిడకి ఓపిక చచ్చింది. రోజుకిన్ని ఏమిటి, పీడా వదిలిపోతుందని సున్నమంతా కలిపి మిగిలిన పువ్వులన్నిటికీ ఒకేసారి వడ్డించేశారు. నేను బడినుంచి వచ్చేసరికి తొట్టి మజ్జిగలా ఉంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పిన్నిగారు మెట్ల కింద దాచిన సముద్రపు నీళ్ళ క్యాన్లు ఒక్కర్తే ఈడ్చుకొస్తున్నారు. చీరంతా తడిసి ఉంది.

"పట్టు అమ్మాయ్, పట్టు! ఆ నీళ్ళు తోడెయ్, ఇవి పొయ్యి!"

తోడాం, పోశాం, మళ్ళీ తోడాం. మధ్యలో ఆవిడ ఆ సముద్రపు నీళ్ళలో మోచేతుల దాకా చేతులు ముంచి, రెండు అరచేతులతో పగడాన్ని పొదివి పట్టుకుని, "ఒరేయ్, చావకురా, చావకు" అంటున్నారు. పగడాన్ని ఒరేయ్ అని పిలిచినవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు. ఆ పిలుపు ఎవరికోసమో నాకు తెలుసు. నాకూ కళ్ళు నిండిపోయాయి.

ఓనరు గారు వచ్చి గుమ్మంలో నిలబడి అంతా చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను. పంచె ఎగ్గట్టి, చేతులు తోముకొచ్చి, తనూ తోడటం మొదలుపెట్టారు. నీళ్ళు తేటపడ్డాక మెల్లిగా అన్నారు.

"కొత్త మందు దొరికితే అందరం ఇంతేనే. మన రైతులు చేసేదీ ఇదే." కాస్త ఆగి, కళ్ళలో చిలిపితనంతో, "మరి పారబోద్దామా బజార్లో? మాటంటే మాటేగా," అన్నారు.

"నోర్మూసుకుని ఆ పంపు కొట్టండి," అన్నారు పిన్నిగారు.

పగడం ఆ వారం ముడుచుకునే ఉంది. తరవాత ఒక పొద్దున, కిటికీలోంచి ఎండ పడుతున్న వేళ, అంచుల్లో సన్నటి నూగు లేచింది. మధ్యాహ్నానికి నిండుగా విచ్చుకుంది. ఓనరు గారు ఆ రోజు కొట్టు తెరవలేదు. వీధంతటికీ సేమ్యా పాయసం పంచారు. ఎందుకని అడిగినవాళ్ళకి, "మా ఇంట్లో ఒకళ్ళకి ఒంట్లో కుదురుకుంది," అని చెప్పారు.

అన్ని పువ్వులూ పోయాక రాతి వెనక ఒక్కటి మిగిలింది. నేను టార్చిలైటు పట్టుకుని తయారయ్యాను. ఆయన వద్దన్నారు. "ఉండనీండి టీచర్ గారూ. అన్నీ పోయాయనుకుంటే నేను చూడటం మానేస్తాను. ఇదొకటుంటే రోజూ చూస్తాను." అది పిల్లల్ని పెట్టినప్పుడల్లా పిల్లలకి సున్నం బొట్టు పడేది. దానికి మాత్రం పడేది కాదు. దాని పేరు మా ఇళ్ళలో అద్దె కట్టనాయన.

ఆయన పోయిన రోజు జనం గదినిండా ఉన్నారు. కరెంటు పోయింది. ఏడుస్తున్న పిన్నిగారు తల తిప్పి నా వంక చూశారు, అంతే. నేను వెళ్ళి స్ప్రేయరు కొట్టాను. వచ్చినవాళ్ళు ఇదేం పని అన్నట్టు చూశారు. చూడనీ అనుకున్నాను.

పెద్దకర్మ అయ్యాక చుట్టాల్లో పెద్ద ఆడవాళ్ళు ఆనవాయితీ ప్రకారం ఆవిడ దగ్గర్నుంచి తియ్యవలసినవన్నీ తీశారు. ఆవిడ ఏదీ కాదనలేదు. తమలపాకుల పళ్ళెం కూడా ఎత్తారు. అప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి చాపి, పళ్ళెంలోంచి సున్నం డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంక నీకు సున్నం ఎందుకు వదినా?" అంది ఆడపడుచు, మెత్తగానే.

"నాక్కాదు. ఆయన తొట్టికి."

ఆడపడుచు పళ్ళెం మాత్రం పట్టుకుని లోపలికి వెళ్ళింది.

మొన్న ఆదివారం నీళ్ళు మార్చవలసిన రోజు. వ్యాను డ్రైవరు క్యాన్లు ఎక్కించాడు. నేను మొదటిసారి చర్చి మానేసి, వ్యాను ఎక్కుదామని కిందికి దిగాను. చూస్తే ముందు సీట్లో పిన్నిగారు కూర్చుని ఉన్నారు. నేను వెనక క్యాన్ల పక్కన ఎక్కి కూర్చున్నాను. బాపట్ల దాటేదాకా ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూనే ఉన్నారు.

సూర్యలంకలో దిగాక ఇసకలో కాసేపు నిలబడిపోయారు. తరవాత ఒక్కరే ముందుకి నడిచారు. అల వచ్చి పాదాలు తడిపింది. ఆవిడ వంగి, గోరు చుట్టూ ఇంకా సున్నం అంటుకుని ఉన్న వేలిని నీళ్ళలో ముంచి, నాలుకకి రాసుకుని, కళ్ళు మూసుకుని రుచి చూశారు.

"ఉప్పు సరిపోయింది," అన్నారు వెనక్కి తిరగకుండా. "నింపండి."

మేం క్యాన్లు నింపుతూనే ఉన్నాం. అలలు ఆవిడ మోకాళ్ళ దాకా వస్తున్నాయి, కుచ్చిళ్ళు తడిసి బరువెక్కుతున్నాయి. ఆవిడ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.